బోణీ

మోండా మార్కెట్ల మాది ఎల్లిగడ్డల కొట్టు.
పొద్దుగాల మొదటి గిరాకిని
ఉత్త చేతుల్తోని పంపం,
రెండు రూపాలు తగ్గించన్నా జోకి ఇస్తం.
బోణీ కదా.

బేగంపేట దవాఖానల నుజ్‌హత్ మేడం
పద్దెనిమిది పేజీల కాయితం ముంగట పెట్టింది.
"ఇది రోగం తగ్గించుడు కాదు భయ్యా,
ఈ మందు పిల్లలకు ఇయ్యచ్చా అని చూసుడు.
మీ పాపకు లాభమైతదని నేను రాసియ్యలేను."
మీకన్న ముందు ఇద్దరే పిల్లలు, అన్నది.
అంటే లెక్కకు మేం కూడ
బోణీ గిరాకిలమే.

నాకు సమజ్ కాలేదని ఎట్ల తెలిసిందో,
నా దుకాణం భాషలకు దిగింది:
వైరస్ అంటే హమాలీ అనుకో.
వాని బస్తాల ఉన్న రోగం గుమ్మరించి
మీ పాపకు పుట్టుకతోనే లేని సరుకు నింపి
నెత్తికెత్తి లోపలికి తోలుతం.
నరం నరానికి తిరిగి దించుతడు.
ఒక్కసారే.
రెండోసారి ఒళ్లు వాణ్ణి గుర్తువడ్తది,
గేటుకాడనే కొట్టి ఎల్లగొడ్తది.

నేను అడిగింది ఒక్కటే.
ఎంత జోకుతరు మేడం?

కిలోకింత, అన్నది.
పన్నెండు కిలోలు దాటిన పిల్లలకు
ఈ విడతల లేదు.

ప్రణవి పదకొండు కిలోల ఏడువందలు.
ఆ రోజుకు ఇంకా నెలున్నది.

ఆ నెల మా ఇంట్ల గడిచిన తీరు
ఎవ్వలకూ చెప్పలే.
సునంద పప్పన్నం మెత్తగ పిసికేది,
చెయ్యి నెయ్యి గిన్నె దాక పోయి
ఆగి, ఎనుకకు వచ్చేది.
అందరు చందమామను చూపి తినిపిస్తరు.
ఈమె ఇంకో ముద్దకు నోరు తెరిచిన బిడ్డకు
చందమామను చూపి మూతి తుడిచేది.

రాత్రి పదింటికి షట్టర్ సగం దించి,
పొట్టు ఊదేసి, తువ్వాల పరిచి
పాపను కాంటా మీద పండవెట్టేటోణ్ణి.
మెడ నిలవదు. ఒక చెయ్యి తల కింద పెట్టాలె,
బరువు మాత్రం పట్టొద్దు.
పదిహేనేండ్లు జోకిన చేతులివి.
కొసరు ఎయ్యకుంట ఒక్క గిరాకిని పంపలే.
ఎర్ర అంకెలు ఆగెదాక
యాభై గ్రాముల కొసరుకు గజగజ వణికిన.

ముందు పిల్లల ముచ్చట వరండాల విన్న.
వనపర్తి పిలగాడు
దిండు ఆసరాతోని కూసుంటుండట.
జహీరాబాద్ పాప వాళ్లమ్మ ఫోన్ ఎత్తదట.
మేడంనే అడిగిన.
కండ్లద్దాలు తీసి చానసేపు తుడిచింది.
"లివర్ తట్టుకోలే" అన్నది. దాయలేదు.
దాయలేదనే నేను సంతకం పెట్టిన.
సునంద పెట్టలే.
మూడు రోజులు కాయితం ఫ్రిజ్ మీదనే ఉన్నది,
దాని మీద కందిపప్పు డబ్బ.
నాలుగోనాడు పెట్టింది,
నా దిక్కు చూడకుంట.

ఆ పొద్దు పదకొండు కిలోల తొమ్మిదివందల అరవై.
నర్సు రాసుకునేటప్పుడు
మేమిద్దరం కిటికీల నుంచి
మెట్రో రైలు చూసినం.

గంటసేపు ఎక్కింది. నీళ్ల లెక్కనే ఉన్నది.
కోట్ల సరుకట,
నేను సీసా మీది చెమ్మనే చూస్తున్న.
ప్రణవి సగంల పండుకున్నది.

ఇగ సోమవారం సోమవారం నెత్తురు తీస్తరు.
పసిరికలేమన్న వస్తయా చూస్తరు.
ఏమైతదో మేడంకు తెల్వదు,
తెల్వదనే చెప్తది.
హమాలీ ఏ గల్లీల ఉన్నడో, బస్తా దించిండో లేదో,
బయట కూసున్నోళ్లకు
చప్పుడైతే ఇనవడదు.

సాయంత్రం నర్సు వచ్చి అన్నది,
ఇగ బరువు పట్టింపు లేదు, తినిపియ్యుండ్రి.

సునంద టిఫిన్ డబ్బ మూత తీసింది.
నెయ్యి ఒక చెంచ.
ఇంకొకటి.
చందమామ వార్డు కిటికీకి రానే రాలేదు,
ఎవ్వలం ఎతకలేదు.
మూడోది ఏసేటప్పుడు
చెంచ గిన్నె అడుగును గీకింది.